శనగగింజంత బొగ్గు

16 జూన్ 2024, ఆదివారం. కొత్తగూడెం

ఇవాళ బాయిలర్ గెలిచింది. నీళ్లు నింపి, లోపల గాలి మిగలకుండా వెళ్లగొట్టి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించా. అది పనిచేయాల్సింది 80 పౌండ్ల దగ్గర. పరీక్ష దానికి రెట్టింపు, 160. ఇరవై నిమిషాలు గేజీ ముల్లు మీంచి చూపు తిప్పలేదు. ముల్లూ కదల్లేదు. ఒక్క అతుకు కూడా చెమర్చలేదు. రాగి రేకు వంచింది నేనే అయినా వెండి అతుకులన్నీ మా వీధి కంసాలి చేతి చలవ. ఆయన వచ్చి వేలితో తడిమి చూసి, "వడ్డాణం కంటే దీనికే ఎక్కువ వెండి పోశావన్నా" అన్నాడు. అబద్ధం కాదు.

పరీక్షకు గాలి కాకుండా నీళ్లే ఎందుకని మనవరాలు అడిగింది. నీళ్లు నలగవు, అతుకు విడిపోతే చిమ్మి ఊరుకుంటాయి. గాలి అయితే నలిగి కూర్చుని ఒక్కసారి పేలుతుంది అని చెప్పా. 25 లీటర్లకు లోపు బాయిలర్లు మన బాయిలర్ చట్టం కిందకి రావు. నాది నాలుగు లీటర్లది. చట్టం వదిలేసిందని ఆవిరి వదిలేస్తుందా?

నా బొమ్మ రైలు పట్టాల మధ్య ఎడం అయిదంగుళాలు. ఏడేళ్ల పని. ఇక ఇంజనుకి తిండి ఏం పెట్టాలి, తాగడానికి ఏం పోయాలి అన్నదే మిగిలింది. బయటి దేశాల పుస్తకాలన్నీ వేల్స్ బొగ్గు, వాననీళ్లు అంటాయి. వేల్స్ ఎక్కడ, ఇల్లెందు ఎక్కడ? నాన్న ఇల్లెందు బొగ్గుబాయిలో ముప్ఫయ్యేళ్లు పనిచేశాడు. నేను రైలింజన్ల షెడ్డులో ఖలాసీగా చేరి ఫైర్‌మన్‌నై సింగరేణి బొగ్గునే పారతో విసిరా. నా ఇంజను ఇంకో దేశపు బొగ్గు తినడమేంటి?

14 జూలై, ఆదివారం. తోటలో

తోట అంటే మా బావమరిదిది. పాల్వంచ దాటాక భద్రాచలం రోడ్డు నుంచి లోపలికి, అడవి అంచున మామిడి తోట. చెట్ల మధ్య అరవై మీటర్ల పట్టా వేశాం. కంచె అవతల టేకు, తునికి, ఇప్ప.

ఇటుక బట్టీ దగ్గర అడిగి అర గోతం ఇల్లెందు బొగ్గు తెచ్చా. సుత్తితో కొట్టి, ఇసుక జల్లెడలో పట్టి, చూర పారేసి, పెద్ద శనగగింజంత ముక్కలు ఏరా. డీజిల్లో నానబెట్టిన చితుకులతో అంటించి, పొగగొట్టం మీద చిన్న ఫ్యాను పెట్టి గాలి లాగించా. ముప్ఫై అయిదు నిమిషాలకు ముల్లు కదిలింది. 20, 30, 40. అక్కడ ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. ఫ్యాను తీసేసి బ్లోయర్ తిప్పినా దిగుడే. గొట్టంలోంచి నల్లటి పొగ మామిడి కొమ్మల్ని పట్టుకుంది. బావమరిది దగ్గుతూ, "బావా, దీనికంటే మా ట్రాక్టరే నయం" అన్నాడు.

నిప్పు లాగేసి చూస్తే గ్రేటు మీద ఇంచుమందం బూడిద. ట్యూబులకు వేలు పెడితే కాటుక.

రాత్రి ఇంటికొచ్చి ఆలోచించా. డబ్ల్యూజీ అనే పెద్ద రైలింజను గ్రేటు 46 చదరపు అడుగులు. నాది నాలుగంగుళాలకు అయిదున్నర, అంటే దానిలో మూడొందలో వంతు. ఇక్కడ తగ్గింది కొలతొక్కటే కాదు, మంటకు కావాల్సిన తావు కూడా. సింగరేణి బొగ్గు వేడెక్కగానే ముందు గ్యాసు వదుల్తుంది. ఆ గ్యాసు పొడుగాటి మంటై మండాలి. డబ్ల్యూజీలో అయితే ఇటుక కమాను కింద నుంచి చుట్టి తిరిగి ట్యూబుల్లోకి పోయేలోపు మండిపోయేది. ఇక్కడ నిప్పుకీ ట్యూబులకీ మధ్య నాలుగు వేళ్లు. మంట సగం కాలకముందే, నీళ్లు చల్లబరిచిన రాగికి తగిలి మసైపోతోంది.

బూడిద సంగతి వేరు. పెద్దింజనులో రాకింగ్ గ్రేటు ఊపితే బూడిద బూడిదగుంటలో పడేది. ఇక్కడ గ్రేటు సందులు అగ్గిపుల్ల లావు. వేల్స్ ఆవిరి బొగ్గులో గ్యాసూ తక్కువే, బూడిదా తక్కువే. మన గోదావరి లోయ బొగ్గు ఏటి నీళ్లలో కొట్టుకొచ్చిన చెట్లతోటీ మట్టితోటీ కలిసి పుట్టింది. మట్టి దాని పుట్టుకలోనే ఉంది. నూటికి పాతిక, ముప్ఫై పాళ్లు బూడిద దానికి మామూలు. తప్పు బొగ్గుది కాదు, నా ఫైర్‌బాక్సుది.

అయినా మనసు ఒప్పుకోలేదు.

21 జూలై, ఆదివారం

గోతంలో ముక్కల్ని కళ్లజోడు పెట్టుకుని చూశా. ఒకే ముక్కలో రెండు రకాలు. కొన్ని చారలు నల్ల అద్దంలా మెరుస్తాయి, విరిస్తే గోరు పెంకులా విరుగుతాయి. కొన్ని పలకరాయిలా మొద్దుగా, బరువుగా. మెరిసేదాంట్లో బూడిద తక్కువ. మా నాన్నకు ఇది తెలుసు. చిన్నప్పుడు ఇంటికి బొగ్గు వచ్చినప్పుడు ఇస్త్రీపెట్టెకు మెరుపు ముక్కలు వేరుగా ఏరిపెట్టేవాడు.

చేత్తో ఏరితే గంటకు చారెడు. వేరే దారి ఉంది. బొగ్గు శుద్ధి చేసే చోట బరువైన ద్రవంలో ముంచుతారు. మంచి బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది. ఇంట్లో బరువైన ద్రవం ఏముంది? ఉప్పునీళ్లు ఎంత చిక్కగా కలిపినా నీటికంటే అయిదో వంతు బరువు దాటవు, బొగ్గంతా మునిగిపోతుంది. పైగా ఉప్పు రాగికి, ఇత్తడికి శత్రువు. పంచదార అయితే? లీటరు నీళ్లలో రెండు కిలోలు కరిగిస్తే నీటికంటే మూడో వంతు బరువెక్కుతుంది. సరిగ్గా కావాల్సింది అదే.

మా ఆవిడ ఊరెళ్లింది. పంచదార డబ్బా ఖాళీ చేశా.

బకెట్లో పాకం పోసి బొగ్గు వేసి కలియతిప్పితే ముప్పావు వంతు దిగిపోయింది. పైన తేలినవి గరిటెతో తీసి వేణ్నీళ్లతో కడిగి చాటలో ఆరబోశా. అన్నీ మెరుపు ముక్కలే. నాలుగు కిలోలకు కిలో వచ్చింది. పాకాన్ని గుడ్డలో వడకట్టి దాచా, మళ్లీ వాడొచ్చు.

28 జూలై, ఆదివారం

చాట నిండా చీమలు. సరిగా కడగలేదన్నమాట. మా ఆవిడ తిరిగొచ్చింది. బొగ్గుకు చీమలు పట్టిన ఇల్లు పాత ఖమ్మం జిల్లాలో ఇదొక్కటేనంది. పంచదార సంగతి ఇంకా చెప్పలేదు.

కంసాలి త్రాసు అడిగి తెచ్చి బూడిద తూచా. గోతంలో బొగ్గు వంద గ్రాములు పూర్తిగా కాల్చితే 34 గ్రాముల బూడిద. తేలిన బొగ్గుకు 11. త్రాసు అబద్ధమాడదు కానీ నా కాల్చడం పక్కాగా ఉందని చెప్పలేను.

భద్రాచలం దగ్గర గోదావరి పెరిగిందని అందరూ ఫోన్లలో అడుగుల లెక్కే. అక్కడి మనుషులకు మూడంకెలు పుట్టుకతో వస్తాయి: 43, 48, 53. మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు. 2022లో 71 అడుగులు దాటింది. 1986లో 75 దాటినప్పుడు నేను డ్యూటీలో ఉన్నా.

15 ఆగస్టు, గురువారం

జెండా ఎగరేసి వచ్చి నీళ్ల పరీక్ష పెట్టుకున్నా. వారం నుంచి సీసాలు పోగుచేస్తున్నా. టీడీఎస్ మీటరు ఒకటి, సబ్బునీళ్ల చుక్కల సీసా ఒకటి. మీటరు నీళ్లలో కరిగిందంతా కలిపి చెబుతుంది కానీ, అందులో పొలుసు కట్టేది ఎంతో చెప్పదు. అది సబ్బు చెబుతుంది. ఎన్ని చుక్కలకు నురగ నిలిస్తే నీళ్లు అంత గట్టివి. చాకిరేవు దగ్గర వాళ్లకు ఈ విద్య మీటర్లు పుట్టకముందే తెలుసు.

తోటలో బోరు: మీటరు 780. ముప్ఫై చుక్కలు వేసినా నురగ నిలవలేదు, తెల్లటి తెట్టు కట్టింది. ఇంటి కుళాయి, భగీరథ నీళ్లు: 190, ఎనిమిది చుక్కలు. వీధి చివర ప్లాంటులో క్యాను నీళ్లు: 45, రెండు చుక్కలు. బ్యాటరీ నీళ్లు: సున్నా, మొదటి చుక్కకే నురగ. ఏసీ కింద బకెట్లో పడ్డవి: 18, కానీ అడుగున జిగురు, పైన దుమ్ము. ఏసీ లోపలి రాగినీ అల్యూమినియాన్నీ కడుక్కుంటూ వచ్చిన నీళ్లు అవి. పక్కన పెట్టేశా. వాన నీళ్లు, డాబా మీద శుభ్రంగా పట్టినవి: 12.

బోరు నీళ్లు పనికిరావని నోట్లో పోసుకుంటేనే తెలుస్తుంది. కారేపల్లి దగ్గర మాధారంలో డోలమైటు తవ్వి విశాఖ ఉక్కుకు పంపుతారు. ఈ నేలలో సున్నపురాయి జాతి రాళ్లకు కొదవలేదు. వాటి మీద పారిన నీళ్లు ఊరికే రావు, కొంత కరిగించుకుని వస్తాయి. మరిగిస్తే ఆ కరిగింది తిరిగి రాయై గిన్నెకు పడుతుంది. మా ఆవిడ వేణ్నీళ్ల గిన్నె అడుగు చూస్తే చాలు. అదే రాయి ట్యూబుకు పడితే నిప్పు వేడి నీటికి అందదు, రాగి వేడెక్కిపోతుంది. మొదట చచ్చేది బాయిలర్లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్. దాని లోపలి కోను రంధ్రం గుండుసూది మొనంత. ఇసుక రేణువంత పొలుసు చాలు, అడ్డం పడితే నీళ్లు లోపలికి వెళ్లకుండా కింద కారిపోతాయి.

షెడ్డు రోజుల్లో పదిహేను రోజులకోసారి వాష్ఔట్ ఉండేది. బాయిలర్ చల్లార్చి, ప్లగ్గులు విప్పి, గొట్టంతో కొట్టి కడిగితే పొలుసు తట్టలకొద్దీ వచ్చేది. పెద్ద బాయిలర్లోకి మనిషి చెయ్యి, కొన్ని చోట్ల మనిషే దూరగలడు. నా దాంట్లోకి పెన్సిలు కూడా దూరదు. పడింది పడినట్టే. నిప్పు తప్పు చేస్తే ఆ పూటే గ్రేటు విదిలించుకోవచ్చు. నీటి తప్పు మాత్రం లోపల పొరలు పొరలుగా కూడుతుంది. నెల నుంచి బొగ్గు గురించి నేను చేస్తున్న హడావుడంతా తప్పు చోట చేశాననిపించింది.

మరి బ్యాటరీ నీళ్లే పోస్తే పోలా? అదీ చిక్కే. ఏమీ కరగని నీళ్లు ఆకలి మీద ఉంటాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుని కాస్త పులుపెక్కి, ఇత్తడిలోంచి యశదాన్ని తినేస్తాయి. నా కవాటాలు కొన్ని కంచువి, తొందరలో కొన్న రెండు ఇత్తడివి. వాటిని మార్చాలి.

తోట కాపలా పెద్దాయన కోయవారు. సీసాలన్నీ చూసి, వాగు నీళ్లు మురికిగా ఉంటే చిల్లగింజ అరగదీసి కలిపితే తేరుకుంటాయన్నాడు. నిజమే, మట్టి దిగిపోతుంది. కానీ కంటికి కనపడని రాయి దిగదు. ఆ తేడా చెప్పబోతే, "కనపడని రాయి మీకెట్ట కనపడ్డది సారూ?" అన్నాడు. సబ్బు చుక్కలు వేసి చూపించా. పొద్దుగూకే దాకా ఆయన ఊళ్లో బోరింగులన్నిటి నీళ్లూ తెచ్చిచ్చాడు.

1 సెప్టెంబర్, ఆదివారం

రాత్రంతా కుండపోత. ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీల్లోకి వచ్చేసింది. మేనల్లుడి ఇంట్లో మొదటి అంతస్తు మెట్ల దాకా నీళ్లట, పైకెక్కి కూర్చున్నారు. మధ్యాహ్నానికి ఇంకో కబురు: కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. గాలిలో వేలాడుతున్న పట్టాల ఫొటో వచ్చింది. ఆ సెక్షన్లో ఎన్ని రాత్రులు బండి నడిపానో.

డాబా గొట్టం కింద పెట్టిన మూడు డ్రమ్ములు అర్ధరాత్రికే నిండాయి. రెండొందల లీటర్లవి. ఈ ఏడాది మొదటి వానలు దుమ్ము కడగడానికి వదిలేశా, ఇవి శుభ్రమైనవి. గుడ్డ కట్టి మూతలు బిగించా. మేనల్లుడి వాళ్లు నీళ్లలో ఉంటే నేను నీళ్లు దాచుకుంటున్నానేంటి అనిపించి, లోపలికి వచ్చేశా.

13 అక్టోబర్, ఆదివారం

దసరాకి అశ్వారావుపేట వైపు వెళ్లి వచ్చా. అక్కడ కొబ్బరి తోటలు, పామాయిల్ తోటలు. కొబ్బరి చిప్పల బొగ్గు ఒక గోతం తెచ్చా. వేలితో మీటితే గాజులా మోగుతుంది. బూడిద తూస్తే నూటికి మూడు. గ్యాసు దాదాపు లేదు, మంట పొట్టి, పొగ లేదు. నా పొట్టి ఫైర్‌బాక్సు కోసమే చేసినట్టుంది.

చిప్ప బొగ్గుతో ఇరవై రెండు నిమిషాల్లో 80 పౌండ్లు. సేఫ్టీ వాల్వు మొదటిసారి తనంతట తాను లేచింది. ఆ చప్పుడుకి కాకులన్నీ లేచిపోయాయి, బావమరిది కూడా.

లోపం లేకపోలేదు. తేలిక కాబట్టి చిటికెలో అయిపోతుంది. రెండు చుట్లకోసారి వేయాలి. రెగ్యులేటర్ ఎక్కువ తెరిస్తే ఎగ్జాస్టు లాగుడుకు నిప్పురవ్వలు గొట్టంలోంచి లేస్తాయి. ఇవాళ తడి నేల, ఫర్వాలేదు. ఫిబ్రవరి నుంచి కంచె అవతల టేకాకు మోకాలెత్తు ఎండి పడి ఉంటుంది. మార్చిలో ఇప్పపువ్వు రాలే వేళకు చెట్ల కింద ఆకు ఊడ్చి కాల్చేవాళ్లుంటారు, ఆపైన తునికాకు కోతలు. ఆ నెలల్లో అడవికి నిప్పు ఎవరు పెట్టారో తేలదు. పక్కన రవ్వలు చిమ్మే బొమ్మ రైలు ఉంటే మాత్రం ఇట్టే తేలిపోతుంది. స్మోక్‌బాక్సులో సన్నటి స్టీలు జల్లెడ బిగించా. అయినా ఎండాకాలం నిప్పు పెట్టేది లేదని బావమరిదికి మాటిచ్చా.

గ్యాసు పెట్టుకోమన్నారు చాలామంది. రవ్వ లేదు, బూడిద లేదు. కానీ చిన్న ఇంజన్ల గ్యాసు ట్యాంకులు చాలావరకు బ్యూటేన్‌కు లెక్కకట్టినవి. మన వంటగ్యాసులో ప్రొపేన్ కూడా కలుస్తుంది. నలభై డిగ్రీల వేడిలో ఆ కలిపిన గ్యాసు ఒత్తిడి పది వాతావరణాల దాకా పోవచ్చు, బ్యూటేన్‌కు అందులో మూడో వంతు కూడా ఉండదు. కొత్తగూడెం మే నెలలో 45 డిగ్రీల ఊరు. వేడి బాయిలర్ పక్కనే ఆ ట్యాంకా? వద్దు. స్పిరిటు దీపాలతో నడిచే ఇంకా చిన్న ఇంజన్లున్నాయని చెబితే కాపలా పెద్దాయన, "ఇప్పసారా పోయండి సారూ, మనిషే నడుస్తడు, బండి నడవదా" అన్నాడు. ఇప్పసారాలో నీటి పాలెక్కువ, వత్తికి అంటుకుని సరిగా మండదని నేనన్నా. ఆయనకు నచ్చలేదు.

17 నవంబర్, ఆదివారం

తప్పంతా నాదే. రాసుకోవాలి.

ఆకలి నీళ్లకు మందు వేద్దామనుకున్నా. వాననీళ్లలో పదో వంతు కుళాయి నీళ్లు కలిపితే ఆకలి తీరుతుంది. దానికి తోడు టానిన్ అన్నది ఒకటుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో పొలుసు గట్టిగా అతుక్కోకుండా బురదలా దిగిపోవడానికి టానిన్ వేసేవారు. ఫ్రాన్సు రైల్వేలో లూయీ ఆర్మాన్ అనే ఇంజనీరు సోడా, టానిన్, నురగ చంపే మందు కలిపి నీటి వైద్యమే కనిపెట్టాడు. వాళ్లు టానిన్ ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో గానీ, మనకు కంచె అవతలే ఉంది: కరక్కాయ. గిరిజన సహకార సంస్థ వాళ్లు కొనేది, తోళ్లు ఊనేవాళ్లు వాడేది అదే. వెనకటికి కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు. ఇనుము తగిలితే నలుపు. నాది రాగి బాయిలర్ కాబట్టి టీ రంగులో ఉంటుంది.

చెంచాడు చాలు. నేను గ్లాసుడు పోశా. ఏదైనా ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదని ఈ వయసులో కూడా అనిపించడం ఏమిటో.

60 పౌండ్ల దగ్గర మనవరాలిని వెనక బోగీ మీద కూర్చోబెట్టి రెగ్యులేటర్ తెరిచా. గేజ్ గ్లాసులో నీళ్లు బీరులా నురగెత్తాయి. మట్టం ఎక్కడో తెలియలేదు. అంతలో గొట్టంలోంచి ఆవిరితో పాటు గోధుమరంగు నీళ్లు పిచికారీ కొట్టాయి. ప్రైమింగ్. సిలిండర్లోకి నీళ్లు వెళ్తే పిస్టన్ వాటిని నలపలేదు, మూతలు ఎగిరిపోతాయి. డ్రెయిన్ కాక్స్ తెరవడం చెయ్యే చేసింది, నాకు తెలియకుండానే. పిల్ల తెల్ల చొక్కా నిండా కరక్కాయ మచ్చలు. మా ఆవిడ సబ్బుతో రుద్దితే ఇంకా ముదిరాయి. టానిన్ కదా, అది అద్దకం. స్కూలు చొక్కా ఇంకోటి కొనాలి. పంచదార సంగతి కూడా ఇవాళే బయటపడింది.

బాయిలర్ మూడుసార్లు వాననీళ్లతో కడిగా. ఇకపై లీటరుకు రెండు చుక్కలు. రోజు చివర బురదనీళ్లు వదిలే బ్లోడౌన్ తప్పనిసరి.

4 డిసెంబర్, బుధవారం

పొద్దున ఏడున్నరకు మూడు నిమిషాల ముందు మంచం ఊగింది. షెల్ఫు మీద గేజ్ గ్లాసు గొట్టాలు గలగలమన్నాయి. బయటికి వస్తే వీధి వీధంతా చొక్కాల్లేకుండా నిలబడి ఉంది. ములుగు వైపట, 5.3. గోడలకు ఏమీ కాలేదు. గొట్టం ఒకటి పగిలింది, ఇంకో రెండున్నాయి.

1969 ఏప్రిల్లో భద్రాచలం భూకంపం వచ్చినప్పుడు నేను పదమూడేళ్ల పిల్లాణ్ని. నాన్న బాయిలో ఉన్నాడు. పైకి వచ్చేదాకా అమ్మ గుమ్మంలోనే నిలబడింది. గోదావరి వెంట నేల ఎప్పుడో చీలి, కుంగి, పొడుగాటి లోయ పడింది. ఆ కుంగిన చోటే పాతిక కోట్ల ఏళ్ల కిందట ఏర్లు చెట్లనీ మట్టినీ తెచ్చి నింపాయి. మన బొగ్గు అదే. నేల కుంగకపోతే బొగ్గూ లేదు, ఈ ఊగుడూ లేదు. నా త్రాసులో 34 గ్రాములు తూగింది ఆ ఏళ్ల మట్టే.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు పొర కనిపెట్టాడని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పొరకు ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పేరు. మా నాన్న మాత్రం ముందు యాత్రికులంటాడు. భద్రాద్రి రాముడి దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లు ఇల్లెందు అడవిలో మజిలీ చేసి, మూడు నల్లరాళ్లు పెట్టి వంట మొదలుపెడితే పొయ్యి రాళ్లే మండాయట. ఆ కథ ఈ ప్రాంతంలో అందరూ చెప్పేదే. అందులో నాకు నచ్చే ముక్క వేరే ఉంది: ఎవరూ బొగ్గు కోసం వెతకలేదు, అన్నం కోసం వెతికారు. 1889 కల్లా నిజాం రైలు బెజవాడ దాకా వెళ్లింది, ఇల్లెందు బొగ్గు దాని పొట్టలో పడింది.

12 జనవరి 2025, ఆదివారం. తోటలో

శుక్రవారం ముక్కోటి. భద్రాచలం రోడ్డంతా బస్సులు, కాలినడకన వెళ్లి తిరిగొస్తున్నవాళ్లు. తోట గేటు దగ్గర నీళ్లు అడిగారు కొందరు. పొగ చూసి లోపలికి వచ్చారు. ఆ రద్దీలో ఇవాళ రైలు బాగా నడిచింది.

నిప్పు లెక్క: చిప్ప బొగ్గుతో అంటించాలి. పరుపు ఎర్రగా నిలబడ్డాక, నాలుగు చారల్లో పల్చగా, చెంచాతో. లావుగా పరిస్తే గాలి ఆడదు, మరీ పల్చగా పరిస్తే చిల్లు పడి చల్లగాలి ట్యూబులకు తగులుతుంది. రెండు వేళ్ల మందం. అంతే. పెద్దింజనులో ఫైర్‌మన్ పార విసురు చూసి డ్రైవరు మెచ్చుకునేవాడు. ఇక్కడ బలం దాచుకోవడమే పని. మొదటి వారాల్లో నా చెయ్యి వినలేదు, చెంచాతో కూడా విసిరేది.

నీటి లెక్క: డ్రమ్ము వాననీళ్లు తొమ్మిది పాళ్లు, కుళాయి ఒక పాలు, కరక్కాయ రెండు చుక్కలు. ట్యాంకులో పోసేముందు సన్నటి గుడ్డలో వడకట్టాలి. డ్రమ్ము మామిడి నీడలోనే ఉండాలి. ఇంజెక్టర్ వేణ్నీళ్లను మింగదు. ఎండలో డబ్బా మరిచిపోయిన రోజు అది ఉమ్మేసింది, యాక్సిల్ పంపు దిక్కయింది.

నలభై మూడు చుట్లు. ముల్లు 70కి కిందకి దిగలేదు. మనవరాలే నడిపింది సగం. గ్లాసులో నీళ్లు సగానికి దిగితే చెప్పమన్నా. ఫైర్‌బాక్సు తల బయటపడితే అన్నీ అయిపోయినట్టే. పిల్ల ఒక కన్ను పట్టా మీద, ఒక కన్ను గ్లాసు మీద పెట్టి కూర్చుంది. పుట్టు ఫైర్‌మన్.

ఆఖరి చుట్టుకు ముందు జేబులోంచి గుప్పెడు తీశా. పాకంలో తేలిన ఇల్లెందు బొగ్గు. "తాతయ్యా, అది వద్దన్నావుగా?" అంది. ఒక్క గుప్పెడే అన్నా. పొగ నల్లగా, లావుగా లేచి మామిడి కొమ్మల్లో నిలిచింది. ఒత్తిడి అయిదు పౌండ్లు పడింది. గేటు దగ్గర యాత్రికుల్లో ఒక ముసలాయన, నాకంటే పెద్దవాడే, తల పైకెత్తి వాసన పీల్చి, "ఏ షెడ్డు మనది?" అని అడిగాడు.

2 ఫిబ్రవరి, ఆదివారం

ట్యూబులు బ్రష్షుతో తోశా. చిప్ప బొగ్గు బూడిద తెల్లగా, మెత్తగా, విభూదిలా రాలింది. ఒకే ఒక్క ట్యూబులో నల్లటి మసి. ఆ గుప్పెడిదే.

బాయిలర్ ఖాళీ చేసి, వేడి ఉండగానే ప్లగ్గులు విప్పి ఆరబెట్టా. టార్చి వేసి చూస్తే రాగి మీద పొలుసు లేదు, టీ మరకలాంటి పల్చటి పొర. ఇత్తడి కవాటాలు రెండూ తీసి కంచువి వేశా.

కర్ర పెట్టి డ్రమ్ములు కొలిచా. ఒకటి ఖాళీ, రెండోది సగం, మూడోది నిండుగా. ఆదివారానికి నలభై లీటర్లు చొప్పున ఏడు వారాలకు సరిపోతాయి. కానీ కంచె అవతల టేకాకు చప్పుడు చేస్తోంది. అడవి శాఖ వాళ్లు నిప్పు గీతలు ఊడ్చి వెళ్లారు. ఇంకో రెండు ఆదివారాలు చూసి ఇంజనుకు గోనెసంచి కప్పేస్తా. మిగిలిన వాననీళ్లు మామిడి మొక్కలకు పోయొద్దని కాపలా పెద్దాయనకు రెండుసార్లు చెప్పా. తేలిన బొగ్గు మూడు కిలోలు ఉంది. డబ్బాలో పోసి, చీమలు పట్టకుండా డబ్బాని నీళ్ల పళ్లెంలో పెట్టా.